లెక్క నిజం కావాలంటే గోప్యత నిలవాలి

(మైనారిటీల హక్కుల దినం సభలో చేసిన ప్రసంగ పాఠం)



1992 డిసెంబరు 18న ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ మైనారిటీల హక్కుల ప్రకటనను ఆమోదించింది. ఆ రోజును పురస్కరించుకొని మనం ఏటా కలుసుకుంటున్నాం. రిజర్వేషన్లు, వక్ఫ్ భూములు, ఉర్దూ పాఠశాలలు, బ్యాంకు రుణాలు మన సభల్లో చర్చకు వచ్చే అంశాలు. ఈసారి ఆరోగ్య హక్కుపై మాట్లాడమని నిర్వాహకులు మమ్మల్ని కోరారు. మేము ఎంచుకున్న విషయం చెప్పగానే వారిలో ఒక పెద్దమనిషి కాస్త తటపటాయించారు. ‘‘హెచ్ఐవి గురించా? అందులోనూ దాని లెక్కల గురించా? మనవాళ్ళు కూర్చొని వింటారంటారా?’’ అన్నారు. ఆయన సంకోచాన్ని మేము తప్పుపట్టడం లేదు. అయితే ఆ సంకోచమే ఈ ప్రసంగానికి కారణం. ఏ ముహల్లాలో ఒక వ్యాధి పేరు ఎత్తడానికి జంకుతారో, ఆ ముహల్లా వాస్తవం ఏ రిజిస్టరులోకీ సరిగా ఎక్కదు. రిజిస్టరులోకి ఎక్కనివారి కోసం మందుగాని, కౌన్సెలర్‌గాని, నిధిగాని మంజూరు కాదు.

ముందుగా గుంటూరు సంగతి మనవి చేస్తాము. ఇది మన ఇంటి ముంగిట జరిగిన కథ. దేశం మొత్తం లెక్కను తిరగరాసిన సందర్భంలో దీనికీ పాత్ర ఉంది.

1998 నుంచి మన దేశంలో హెచ్ఐవి వ్యాప్తిని ‘సెంటినెల్ నిఘా’ అనే పద్ధతిలో అంచనా వేస్తున్నారు. తొలి ఏళ్ళలో ఎంపిక చేసిన కొన్ని ఆసుపత్రులలో, ఏటా నిర్ణీత కాలంపాటు, అక్కడికి వచ్చే గర్భిణుల రక్త నమూనాలనూ, సుఖవ్యాధుల క్లినిక్కులకు వచ్చేవారి నమూనాలనూ పేర్లు తొలగించి పరీక్షించేవారు. గర్భిణులను సాధారణ ప్రజలకు ప్రతినిధులుగా భావించి, వారిలో తేలిన శాతం నుంచి జిల్లాకు, రాష్ట్రానికి, దేశానికి లెక్క కట్టేవారు. తొలి సంవత్సరంలో ఇటువంటి కేంద్రాలు రెండు వందలకు లోపే. అవి ఎక్కువగా పట్టణాల్లోని పెద్ద ప్రభుత్వాసుపత్రులు.

హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో అప్పట్లో పనిచేస్తున్న లలిత్ దండోనా బృందం ఈ పద్ధతికి గుంటూరు జిల్లాలో పరీక్ష పెట్టింది. వారు ఆసుపత్రిలో కూర్చోలేదు. పల్లెల్లో, పట్టణాల్లో ఇల్లిల్లూ తిరిగి పన్నెండు వేల మందికి పైగా స్త్రీ పురుషుల నుంచి, వారి అంగీకారంతో, నమూనాలు సేకరించారు. 15 నుంచి 49 ఏళ్ళ వయసువారిలో నూటికి 1.72 మందికి హెచ్ఐవి ఉన్నట్లు తేలింది. ఆ లెక్కన జిల్లాలో బాధితులు సుమారు 46 వేల మంది. ఆసుపత్రుల నిఘా ఆధారంగా వేసిన అంచనా అయితే దానికి దాదాపు రెండున్నర రెట్లు ఉంది! ఈ ఫలితాలు 2006 డిసెంబరులో ప్రచురితమయ్యాయి.

ఇంత తేడా ఎలా వచ్చింది? ఎవరూ అబద్ధం రాయలేదు. ఏ గుమాస్తా అంకెలు దిద్దలేదు. ప్రభుత్వాసుపత్రిలో పరీక్షించిన ప్రతి నమూనా ఫలితమూ నిజమే. కానీ ఆ ఆసుపత్రికి ఎవరు వస్తున్నారన్నది ఎవరూ అడగలేదు. ప్రైవేటు వైద్యులు తమ దగ్గరకు వచ్చిన గర్భిణికి హెచ్ఐవి ఉందని తేలినా, అనుమానం కలిగినా, ‘‘పెద్దాసుపత్రికి వెళ్ళమ్మా’’ అని పంపించేసేవారు. డబ్బున్న ఇంటి స్త్రీలు ప్రైవేటు నర్సింగు హోములకు వెళ్ళేవారు, నిరుపేదలు ప్రభుత్వాసుపత్రికి వచ్చేవారు. చుట్టుపక్కల తలుపులన్నీ మూసుకొని ఒక్క తలుపే తెరిచి ఉంటే, ఆ గడపలో నిలబడి లెక్కపెట్టేవాడికి ఊరంతా రోగుల్లాగే కనిపిస్తుంది. వెలివేత జరిగింది ప్రైవేటు ఆసుపత్రిలో. దాని నీడ పడింది జాతీయ గణాంకాల మీద. ఈ మాట దయచేసి గుర్తుంచుకోండి. మేము చెప్పబోయే తక్కిన విషయమంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

దాదాపు అదే కాలంలో, 2005–06లో, మూడవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. దేశవ్యాప్తంగా లక్షకు పైగా స్త్రీ పురుషులకు హెచ్ఐవి పరీక్ష చేసిన మొదటి ఇంటింటి సర్వే అది. 2006 నాటికి నిఘా కేంద్రాలు కూడా వెయ్యి దాటాయి. ఈ రెండింటినీ కలిపి చూసిన మీదట 2007 జూలైలో ప్రభుత్వం కొత్త అంచనా ప్రకటించింది. అంతకు ముందు 52 లక్షలుగా చెబుతున్న బాధితుల సంఖ్య 25 లక్షలకు దిగింది. ఒక్క ప్రకటనతో దేశంలోని బాధితులు సగానికి పైగా తగ్గిపోయారు. ఒక్కరికైనా నయమైందా అంటే, కాలేదు. మందు అందాల్సినవారు నిన్న ఎంతమంది ఉన్నారో నేడూ అంతమందే ఉన్నారు. మారింది మన కొలబద్ద.

ఇంటింటి సర్వేయే సర్వస్వమని కూడా మేము అనడం లేదు. సర్వే బృందం తలుపు తట్టేనాటికి లారీ డ్రైవరు రోడ్డుమీద ఉంటాడు. ఖైదీ జైల్లో ఉంటాడు. వలస కూలీ పరాయి రాష్ట్రంలో ఉంటాడు. సెక్స్ వర్కరు, హిజ్రా, మత్తుమందు సూదులు వాడే యువకుడు ఆ ఇంటి సభ్యుల జాబితాలోనే ఉండకపోవచ్చు. అందుకే ఆసుపత్రి నిఘా, ఇంటి సర్వే, వ్యాధి ముప్పు అధికంగా ఉన్న వర్గాల్లో ప్రత్యేక అధ్యయనం, ఈ మూడూ కావాలి. ఒకదాని గుడ్డితనాన్ని మరొకటి సరిచేయాలి. ఏ ఒక్క కిటికీ నుంచి చూసినా ఇల్లంతా కనిపించదు.

లెక్క తప్పితే నష్టమేమిటని అడగవచ్చు. ప్రపంచ దేశాలన్నీ నేడు ‘95–95–95’ అనే లక్ష్యాన్ని చెబుతున్నాయి. హెచ్ఐవితో జీవిస్తున్నవారిలో నూటికి 95 మందికి తమ స్థితి తెలియాలి. తెలిసినవారిలో 95 శాతం మందు వాడుతూ ఉండాలి. మందు వాడేవారిలో 95 శాతం మందికి రక్తంలో వైరస్ అణిగి ఉండాలి. రెండవ, మూడవ అంకెలకు ఆధారం రిజిస్టర్లలో ఉంటుంది. మొదటి అంకెకు మాత్రం భాజకం అంచనాయే. దానిని ఎవరూ తలలు లెక్కపెట్టి తేల్చింది కాదు. ఒక జిల్లాలో నిజంగా వందమంది బాధితులుండగా మనం 250 అని అంచనా వేశామనుకోండి. కష్టపడి 80 మందిని గుర్తించినా మన పని 32 శాతంగానే కనిపిస్తుంది, అక్కడి సిబ్బందికి చీవాట్లు పడతాయి. పక్క జిల్లాలో 250 మంది ఉండగా వంద అనుకుంటే, 80 మందిని గుర్తించగానే పని దాదాపు పూర్తయినట్టే లెక్క. దొరకని 170 మంది ఏ కాగితంలోనూ కనిపించరు. దేశంలో ఈనాటికీ సుమారు 25 లక్షల మంది హెచ్ఐవితో జీవిస్తున్నారని జాతీయ అంచనా చెబుతోంది. వారిలో అటువంటి కనిపించనివారు ఎక్కడ ఉన్నారన్నదే అసలు ప్రశ్న.

పర్యవేక్షణ, మూల్యాంకనం అనే జంట పదాలను అధికారులు ఒకే ఊపిరిలో పలుకుతారు. రెండూ ఒకటి కాదు. ఈ నెల ఎంతమందికి పరీక్ష చేశాం, ఎంతమందికి మందు ఇచ్చాం, నిల్వ ఎంత ఉంది అని క్రమం తప్పకుండా చూసుకోవడం పర్యవేక్షణ. చేసిన పనివల్ల మనుషుల బతుకుల్లో మార్పు వచ్చిందా, రాకపోతే ఎందుకు రాలేదు అని నిలదీయడం మూల్యాంకనం. మొదటిది మన దేశంలో చాలామేరకు జరుగుతోంది. 2010లో నాకో, అంటే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, దేశవ్యాప్త కంప్యూటర్ సమాచార వ్యవస్థను ప్రారంభించింది. తర్వాత దానిని మరింత మెరుగుపరిచి, బాధితుడు ఏ కేంద్రానికి వెళ్ళినా అతని చికిత్స వివరాలు వెంట వచ్చేలా చేసే కొత్త వ్యవస్థకు మారింది. రెండవదే తక్కువ.

2004 ఏప్రిల్‌లో దాత దేశాలు, అంతర్జాతీయ సంస్థలు కలిసి ఒక సూత్రం అంగీకరించాయి. ప్రతి దేశానికి ఒకే కార్యాచరణ ప్రణాళిక, ఒకే సమన్వయ సంస్థ, ఒకే పర్యవేక్షణ–మూల్యాంకన వ్యవస్థ ఉండాలన్నారు. అంతకు ముందు ఒక్కో దాత ఒక్కో ఫారం ఇచ్చేవాడు. ఉదయం రోగులను చూసే నర్సు సాయంత్రం ఆ ఫారాలన్నీ నింపుతూ కూర్చునేది. 2008లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి, మంచి జాతీయ వ్యవస్థకు పన్నెండు అంగాలుండాలని నిర్దేశించింది. ఆ పన్నెండింటిని వరుసగా చదివితే ఒక విశేషం కనిపిస్తుంది. మొదటి ఆరింటిలో లెక్కల సేకరణ ఊసే లేదు. సంస్థ, సిబ్బంది నైపుణ్యం, భాగస్వామ్యం, ప్రణాళిక, దానికి తగిన బడ్జెట్టు, లెక్కను గౌరవించే సంస్కృతి, ఇవీ ఆ ఆరు. ఏడవ అంగం దగ్గరగాని రోజువారీ సమాచార సేకరణ ప్రస్తావన రాదు. కంప్యూటర్లు కొంటే చాలు, వ్యవస్థ బలపడుతుందనుకొనే మన అధికారులు ఈ వరుసను గోడకు అంటించుకుంటే మంచిది.

ఇక మేము కళ్ళారా చూసిన ఒక సంగతి చెబుతాము. ఊరు, ఆసుపత్రి, పేర్లు చెప్పము.

ఒక సోదరి. భర్త లారీ డ్రైవరు, జబ్బుపడి చనిపోయాడు. ఆ తర్వాత ఆమెకు పరీక్ష చేస్తే హెచ్ఐవి ఉందని తేలింది. ఇద్దరు పిల్లలకు లేదు. 2004 ఏప్రిల్ నుంచి దేశంలో ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తున్నారు గనుక, ఆమె తమ పట్టణంలోని కేంద్రంలో నమోదై మందు మొదలుపెట్టింది. అక్కడ పనిచేసే ఒకరికి ఆమె అత్తవారి ముహల్లాలో బంధువులున్నారు. రెండు వారాలు తిరగకముందే ఇంటి యజమాని వచ్చి ఇల్లు ఖాళీ చేయమన్నాడు. కారణం చెప్పలేదు, చెప్పనవసరం లేకపోయింది. మదరసాలో పిల్లల పక్కన కూర్చోవడానికి మిగతా పిల్లలను పంపలేదు. ఆమె పుట్టింటికి చేరింది. మళ్ళీ ఆ కేంద్రం గడప తొక్కలేదు.

కొన్ని నెలలకు ఆరోగ్యం క్షీణించింది. అప్పుడు మూడు గంటల బస్సు ప్రయాణం చేసి పక్క జిల్లాలోని కేంద్రానికి వెళ్ళింది. పేరు కొద్దిగా మార్చి చెప్పింది. చిరునామా వేరేది ఇచ్చింది. మునుపు మందు వాడిన సంగతి దాచింది. వారు ఆమెను కొత్త రోగిగా రాసుకున్నారు. ఇక మొదటి కేంద్రం రిజిస్టరులో ఆమె పేరు ఎదుట ‘రాక మానేసినవారు’ అని పడింది. నిబంధన ప్రకారం, అటువంటివారిని వెదికి తిరిగి చికిత్సకు తీసుకురావడానికి క్షేత్ర కార్యకర్తను పంపారు. అతడు తన విధి తాను చేశాడు. పాత చిరునామాకు వెళ్ళి, ‘‘ఫలానా ఆమె ఎక్కడికి వెళ్ళారు? ఆసుపత్రి నుంచి వచ్చాము’’ అని నాలుగిళ్ళ వాళ్ళను అడిగాడు. అప్పటిదాకా తెలియనివారికి కూడా తెలిసింది.

ఈ ఒక్క మనిషి జాతీయ లెక్కలో ఏమైంది? ఇద్దరైంది. ఒకరు చికిత్స మానేసిన నిర్లక్ష్యపు రోగి. మరొకరు కొత్తగా దొరికిన రోగి. మొదటి అంకెను చూసిన పై అధికారి, ఆ పట్టణంలో అవగాహన లేదని నివేదికలో రాస్తాడు. అవగాహన కోసం పోస్టర్లు అచ్చువేయిస్తారు. గోడలు నిండుతాయి. ఆమెకు కావలసింది పోస్టరు కాదు, నోరు మూసుకొనే సిబ్బంది. కానీ ‘గోప్యత భంగమైనందువల్ల మానేసినవారు’ అనే గడి ఆ ఫారంలో లేదు.

గుంటూరులో వెలివేత వల్ల లెక్క పెరిగింది. ఇక్కడ వెలివేత వల్ల లెక్క చీలింది. గోప్యత ఒకవైపు, కచ్చితమైన సమాచారం మరొకవైపు ఉన్నాయని, ఒకదానికోసం మరొకటి వదులుకోవాలని కొందరు నిపుణులు వాదిస్తుంటారు. మా అనుభవం దీనికి పూర్తిగా విరుద్ధం. రహస్యం నిలిచినచోటే మనిషి నిజం చెబుతాడు. మనిషి నిజం చెప్పినచోటే లెక్క నిజమవుతుంది.

రెండు కేంద్రాల్లో ఒకే మనిషి రెండుసార్లు నమోదు కాకుండా చూడటానికి ప్రతివారికీ ఒకే సంఖ్య ఇవ్వడం మంచి పద్ధతే, దానికి మేము వ్యతిరేకం కాము. అయితే ఆ సంఖ్య ఈ కార్యక్రమానికే పరిమితమై ఉండాలి. రేషను కార్డుకు, బ్యాంకు ఖాతాకు, సిమ్ కార్డుకు వాడే సంఖ్యతోనే రోగి వివరాలను ముడిపెడితే, ఆ సోదరిలాంటివారు మరో జిల్లాకు కూడా వెళ్ళరు. ఇంట్లోనే ఉండిపోతారు. అప్పుడు లెక్క శుభ్రంగానే ఉంటుంది, మనిషే ఉండదు. రోగి వివరాలను ఎవరు, ఎప్పుడు, ఏ పనిమీద తెరిచి చూశారో నమోదయ్యే ఏర్పాటు ఉండాలి. బ్యాంకులో మన ఖాతా ఎవరు తెరిచినా జాడ మిగులుతుంది. ప్రాణానికి సంబంధించిన ఖాతాకు ఆపాటి కాపలా ఉండవద్దా?

చట్టం లేదా అంటే ఉంది. 2017లో పార్లమెంటు హెచ్ఐవి, ఎయిడ్స్ నివారణ–నియంత్రణ చట్టాన్ని చేసింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అది అమల్లో ఉంది. వ్యక్తి ఎరుకతో ఇచ్చిన సమ్మతి లేకుండా పరీక్ష చేయరాదు. పరీక్షకు ముందూ, తర్వాతా కౌన్సెలింగ్ ఇవ్వాలి. ఒకరి స్థితిని మరొకరికి వెల్లడించరాదు. వివరాలు భద్రపరిచే ప్రతి సంస్థా సమాచార రక్షణ చర్యలు పాటించాలి. నిఘా కోసం పేరు లేకుండా చేసే పరీక్షలకు మినహాయింపు ఉంది కానీ, అప్పుడు కూడా ఆ అధ్యయనం ఎందుకో అందులో పాల్గొన్నవారికి తెలియజేయాలి. ఇల్లు అద్దెకు ఇవ్వడంలో, ఉద్యోగంలో, విద్యలో, వైద్యంలో వివక్ష చూపరాదు. చట్టం ఉల్లంఘన జరిగితే ఫిర్యాదు చేయడానికి ప్రతి రాష్ట్రంలో అంబుడ్స్‌మన్ ఉండాలి. ఫిర్యాదుపై ముప్పై రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి. వైద్య అత్యవసరమైతే వీలైనంత త్వరగా, సాధ్యమైతే ఇరవైనాలుగు గంటల్లో ఇవ్వాలి.

ఈ చట్టంలో పత్రికలు పెద్దగా పట్టించుకోని ఏర్పాటు ఒకటి ఉంది. అంబుడ్స్‌మన్ ఆరు నెలలకోసారి తనకు వచ్చిన ఫిర్యాదుల సంఖ్య, వాటి స్వభావం, తీసుకున్న చర్యలతో రాష్ట్ర ప్రభుత్వానికి నివేదిక ఇవ్వాలి. దాన్ని బహిరంగంగా ప్రచురించాలి. ఇంతకంటే మంచి మూల్యాంకన సాధనం ఏముంటుంది? మందు ఎన్ని సీసాలు పంచారన్న లెక్కకన్నా, ఎంతమంది తమ పరువు పోయిందని ధైర్యంగా ఫిర్యాదు చేయగలిగారన్న లెక్క వ్యవస్థ ఆరోగ్యాన్ని బాగా చెబుతుంది. ఫిర్యాదుల సంఖ్య సున్నా అని వస్తే సంతోషించకండి. అన్యాయం జరగనందువల్ల సున్నా కావచ్చు. అటువంటి అధికారి ఉన్నాడని ఎవరికీ తెలియనందువల్ల కూడా కావచ్చు.

ఇప్పుడు మనవారిలోనే భేదాభిప్రాయం ఉన్న విషయానికి వస్తాము. సచార్ కమిటీ 2006 నవంబరులో ఇచ్చిన నివేదికలో, మత సముదాయాల వారీగా సమాచారం అందుబాటులో లేకపోవడాన్ని పెద్ద లోపంగా ఎత్తిచూపింది. జాతీయ సమాచార నిధిని, స్వతంత్రమైన పర్యవేక్షణ సంస్థను నెలకొల్పాలని సిఫారసు చేసింది. దీన్ని ఆధారం చేసుకొని మా మిత్రులు కొందరు అంటారు: ‘‘ఏఆర్‌టీ కేంద్రం రిజిస్టరులో మతం గడి కూడా పెట్టించాలి. అప్పుడు మనవారు ఎంతమంది ఉన్నారో, ఎంతమందికి మందు అందుతోందో తేలుతుంది.’’ వారి ఆవేదన సహేతుకం. లెక్కలో లేనివారికి వాటా లేదన్నది ఇరవయ్యేళ్ళుగా మనం చెబుతున్న మాటే.

అయినా ఆ గడి వద్దని మా అభిప్రాయం. 2020 ఏప్రిల్ మరిచిపోయే నెల కాదు. ఢిల్లీ ప్రభుత్వం విడుదల చేసే రోజువారీ కోవిడ్ బులెటిన్‌లో ‘మర్కజ్ మసీదు’ పేరుతో విడిగా ఒక గడి ఉండేది. ఢిల్లీ మైనారిటీల కమిషన్ అభ్యంతరం చెప్పాక ఆ పేరు మార్చారు. ఈలోగా కూరగాయలు అమ్ముకొనే మన బండివాళ్ళు వీధుల్లో ఏం అనుభవించారో మీలో చాలామందికి తెలుసు. ఒక గాలి జబ్బుకే అంత జరిగితే, నీతినియమాలతో ముడిపెట్టి చూసే హెచ్ఐవి పక్కన మతం పేరు కనిపిస్తే ఏమవుతుందో ఊహించండి. సముదాయం వెనుకబాటును చూపడానికి పెట్టిన గడి, సముదాయం మీద వేలెత్తి చూపడానికి పనికివస్తుంది.

మరి సచార్ కమిటీ అడిగిన సమాచారం ఎక్కడి నుంచి రావాలి? పేర్లు లేని సర్వేల నుంచి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రతి కుటుంబం మతాన్ని నమోదు చేస్తుంది. వ్యాధిపై అవగాహన, పరీక్ష చేయించుకోవడం వంటి అంశాలను ఆ వారీగా పట్టికలుగా వేయడానికి వీలుంది. అక్కడ ఎవరి గుమ్మమూ గుర్తుపట్టడానికి ఉండదు. ఇక కేంద్రాల స్థాయిలో అడగవలసింది మతం గురించి కాదు, సేవ గురించి. మన బస్తీ నుంచి పరీక్షా కేంద్రం ఎంత దూరం? అక్కడ ఉర్దూలో మాట్లాడే కౌన్సెలర్ ఉన్నారా? బురఖా వేసుకున్న స్త్రీ పేరును నలుగురి ఎదుట గట్టిగా పిలుస్తున్నారా, సంఖ్యతో పిలుస్తున్నారా? దినకూలీకి వెళ్ళేవాడు వచ్చే వేళకు మందుల కిటికీ తెరిచి ఉంటుందా? ఈ ప్రశ్నలకు జవాబులు సేకరిస్తే, ఏ మతం గడీ లేకుండానే, ఎక్కడ ఎవరు తప్పిపోతున్నారో తేటతెల్లమవుతుంది. దళిత వాడలకూ, తండాలకూ కూడా ఇవే ప్రశ్నలు పనికివస్తాయి.

మనకు ప్రత్యేకంగా సంబంధించిన ఖాళీ మరొకటి ఉంది, అది గల్ఫ్ ప్రయాణం. కడప, రాయచోటి నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళే ఆడపడుచులైనా, హైదరాబాదు పాతనగరం నుంచి, కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి సౌదీ, దుబాయి వెళ్ళేవారైనా, వీసాకు ముందు ఆ దేశాలు గుర్తించిన ప్రైవేటు వైద్య కేంద్రంలో పరీక్షలు చేయించుకోవాలి. వాటిలో హెచ్ఐవి పరీక్ష ఒకటి. ఉందని తేలితే ‘అన్‌ఫిట్’. అక్కడికి వెళ్ళి కొన్నేళ్ళు పనిచేశాక, నివాస అనుమతి సమయంలో చేసే పరీక్షలో తేలితే వెనక్కి పంపేస్తారు. అప్పు చేసి ఏజెంటుకు డబ్బు కట్టిన మనిషికి ‘అన్‌ఫిట్’ అన్న ఒక్క మాట తప్ప మరేమీ చెప్పకుండా పంపిన సందర్భాలు మేము విన్నాము. కారణం తెలియక అతడు మరో కేంద్రానికి, మరో ఏజెంటు దగ్గరకు తిరుగుతాడు. ఇంటికి వెళ్ళి భార్యకు ‘ఛాతీలో మచ్చ ఉందట’ అని చెబుతాడు. పరీక్షకు ముందూ తర్వాతా కౌన్సెలింగ్ ఇవ్వాలన్న చట్టం ప్రైవేటు కేంద్రాలకూ వర్తిస్తుంది. జాతీయ కార్యక్రమంలో ‘వలస కార్మికులు’ అనే వర్గం ఉంది. కానీ అది ప్రధానంగా దేశంలోపలి వలసలను మనసులో పెట్టుకొని రూపొందింది. విమానాశ్రయంలో దిగి, ఒక సంచితో ఇంటికి చేరిన మనిషి ఏ గడిలోకీ రాడు. అతనికి ఒకసారి కాదు, కొన్నిసార్లు రెండు దేశాల్లో పరీక్ష జరిగింది. ఫలితం మాత్రం చికిత్సగా మారలేదు. ఈ ప్రైవేటు కేంద్రాల నుంచి పేర్లు లేని సంఖ్యలైనా జాతీయ వ్యవస్థకు చేరాలి. ఆ మనిషి చేతికి దగ్గరలోని ప్రభుత్వ కేంద్రం చిరునామా రాసి ఇవ్వడం తప్పనిసరి కావాలి. ఇది కోట్లు ఖర్చయ్యే సంస్కరణ కాదు.

సిబ్బంది గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. లెక్కలు రాసేది ఢిల్లీ కాదు, జిల్లా ఆసుపత్రిలో ఒక చిన్న గదిలో కూర్చున్న కౌన్సెలర్, డేటా ఆపరేటరు. వారిలో అధికులు ఒప్పంద ఉద్యోగులు. ఒప్పందం పొడిగిస్తారో లేదో తెలియని మనిషి చేత నిజం రాయించడం కష్టం. లక్ష్యం చేరలేదని రాస్తే ఉద్యోగం పోతుందన్న భయం ఉన్నచోట లక్ష్యాలు కాగితంమీద చేరిపోతూనే ఉంటాయి. పైగా వారు నెలనెలా పైకి పంపే అంకెలు తిరిగి వారి చేతికి రావు. మీ కేంద్రంలో ఫలానా బస్తీవారు మూడు నెలలుగా రావడం లేదు, ఎందుకో చూడండి అని చెప్పే నివేదిక ఒక్కటి కిందికి వచ్చినా ఆ ఉద్యోగి రాసే తీరు మారుతుంది. బాధితుల సంఘాల ప్రతినిధులను, బస్తీ స్త్రీలను మూల్యాంకన బృందంలో సభ్యులుగా తీసుకోవాలి. ఫొటోకు నిలబెట్టడానికి కాదు, ప్రశ్నలు రాసేటప్పుడే. ‘రాక మానేసినవారు’ అన్న గడి పక్కన ‘ఎందుకు’ అన్న గడి పెట్టించగలిగేది వారే.

మన బాధ్యత కూడా ఉంది. ఆ ఇంటి యజమాని మనవాడే. పిల్లలను పక్కన కూర్చోనివ్వనివారు మనవాళ్ళే. మదరసా కమిటీకి అప్పుడే సంగతి తెలిసినా మౌనంగా ఉన్నది. ప్రభుత్వాన్ని గోప్యత పాటించమని అడిగే నోటితో మన ముహల్లాలో గుసగుసలు ఆపలేకపోతే మన వినతిపత్రానికి బరువుండదు.

ముగించే ముందు ఒక మనవి. బయటికి వెళ్ళే ద్వారం దగ్గర బల్లపై సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు నమూనా ఉంచాము. ఒకవైపు తెలుగులో, వెనుకవైపు ఉర్దూలో ఉంది. అందులో నాలుగు ప్రశ్నలున్నాయి. మన రాష్ట్రంలో 2017 చట్టం కింద అంబుడ్స్‌మన్‌గా ఎవరు ఉన్నారు, ఆయనకు ఫిర్యాదు చేసే చిరునామా ఏది? ఆరు నెలల నివేదికలు ఇప్పటివరకు ఎన్ని వచ్చాయి, ఎక్కడ ప్రచురించారు? మన జిల్లాలో చికిత్సకు రాక మానేసినవారిగా నమోదైనవారిలో, వెదకగా వేరే కేంద్రంలో మందు వాడుతున్నట్లు తేలినవారు ఎంతమంది? సిబ్బంది గోప్యత భంగపరిచినట్లు అందిన ఫిర్యాదులు ఎన్ని, వాటిపై చర్య ఏమిటి? పది రూపాయల రుసుముతో ఎవరైనా పంపవచ్చు, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. వచ్చిన జవాబుల నకళ్ళు మాకు ఇస్తే జిల్లాల వారీగా కూర్చి, వచ్చే సభ ముందుంచుతాము. దరఖాస్తులో ఏ రోగి పేరుగాని, ఊరుగాని, ఎవరినైనా గుర్తుపట్టగల ఏ వివరంగాని దయచేసి రాయకండి.